లిబ్రెఆఫీస్, స్క్రైబస్‌లతో మూడు తెలుగు పుస్తకాలు: వాడి చూసిన అనుభవం

కోనసీమలోని మా ఊళ్లోనే ఉండి, గడచిన నాలుగేళ్లలో నేను మూడు చిన్న పుస్తకాలు అచ్చువేయించాను. మొదటిది 1996 నవంబరు 6 రాత్రి మా ప్రాంతాన్ని తుడిచిపెట్టిన తుపానును కళ్లారా చూసినవారి జ్ఞాపకాల సంకలనం. డెమీ సైజులో 176 పేజీలు, 300 ప్రతులు. రెండవది మా నాన్నగారి పద్యాల పునర్ముద్రణ. మూడవది మా మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల కోసం బొమ్మలతో వేసిన 32 పేజీల కథల పుస్తకం. ఈ మూడింటికీ డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఒక్కటి కూడా వాడలేదు. లోపలి పేజీలకు లిబ్రెఆఫీస్ రైటర్, ముఖచిత్రాలకూ బొమ్మల పుస్తకానికీ స్క్రైబస్, బొమ్మలు సరిచేయడానికి గింప్, ఇంక్‌స్కేప్, పద్యాలకు ఆజ్ఞలు రాసి పేజీలు కూర్చే జీలాటెక్ వాడాను. ఇవన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, వాటి సోర్స్ కోడ్‌ను చదవవచ్చు, మార్చుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రెండు మూడు వందల ప్రతులు వేసుకునే చిన్న ప్రచురణకర్తలకు లిబ్రెఆఫీస్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. స్క్రైబస్‌ను ముఖచిత్రాలకూ బొమ్మల పుస్తకాలకూ సిఫారసు చేస్తాను గాని, పొడవైన వచన గ్రంథానికి చేయను. జీలాటెక్ చాలా గొప్ప పనిముట్టు, కాని దాన్ని నేర్చుకోవడానికి నెల రోజులు కేటాయించగలిగినవారికే అది పనికివస్తుంది. ఖర్చు లేకపోవడం వీటి ప్రధాన గుణమని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అది రెండవ స్థానంలో ఉండే విషయం. పుస్తకం అచ్చయిన తరువాత కూడా దాని అసలు ప్రతి నా చేతిలోనే ఉండడం, పదేళ్ల తరువాత తెరిచినా అది తెలుగులోనే తెరుచుకోవడం మొదటి స్థానంలో ఉండే విషయం. ఎందుకలా అంటున్నానో చెప్పడానికి మా నాన్నగారి పుస్తకం సంగతి చెప్పాలి.

ఆయన పద్యాలు తొలిసారి 2003లో అచ్చయ్యాయి. దగ్గరి పట్టణంలోని ఒక డీటీపీ కేంద్రంలో పేజీలు కట్టించాం. మూడుసార్లు ప్రూఫులు దిద్ది, అరసున్నలూ బండి ఱలూ ఒక్కటొక్కటిగా చూసుకుని, ఆయన ఎంతో తృప్తిగా ఆ పుస్తకాన్ని బంధుమిత్రులకు పంచిపెట్టారు. ఆ తరువాత ఆ కేంద్రం మూతపడింది. మా దగ్గర ఒక సీడీ మిగిలింది. ఆయన పోయిన తరువాత మళ్లీ అచ్చువేద్దామని ఆ సీడీ తెరిస్తే, పద్యాల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. ప్రతి భాషలోని అక్షరాలకూ విడిగా సంకేతాలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణానికి ముందు కాలంలో ఫాంట్లు తయారుచేసిన పద్ధతి అది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీద తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలను కూర్చి తెరమీద తెలుగు కనిపించేటట్లు చేసేవారు. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగు, లేనిచోట అది ఏ భాషా కాదు. కన్వర్టర్లు ప్రయత్నించాను, వచనం వరకు కొంత నయమే గాని, సంయుక్తాక్షరాలు గట్టిగా ఉన్న పద్యాలలో ప్రతి పాదంలోనూ ఏదో ఒకటి జారిపోయింది. చివరకు అచ్చు ప్రతినే స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలను గుర్తింపజేశాను. దానికి తెలుగు వస్తుంది. శుభ్రమైన పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి ఇస్తే వచనాన్ని బాగానే చదువుతుంది. ప, వ, ష లను, ద, ధ, థ లను మాత్రం తరచు తారుమారు చేస్తుంది. అరసున్నలను చాలాచోట్ల వదిలేసింది. అయినా మొత్తం మళ్లీ టైపు చేయడం కంటే, అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని దిద్దడమే తేలికయింది.

అచ్చు పని మన చేతిలో ఉండాలన్న ఈ ఆరాటం గోదావరి ఒడ్డున కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం పత్రిక మొదట మద్రాసులో అచ్చయి రావలసి వచ్చేది. ఆ ఇబ్బంది పడలేక ఆయన రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. ఇప్పుడు ముద్రణాలయం పెట్టుకోవలసిన అవసరం లేదు. అచ్చుకు ముందు జరిగే పని మాత్రం మన ఇంట్లో, మన చేతిలో ఉండాలి.

ఇక లిబ్రెఆఫీస్ రైటర్. 2010లో ఓపెనాఫీస్ నుంచి విడివడి పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను చాలామంది ఉత్తరాలకూ దరఖాస్తులకూ వాడి వదిలేస్తారు. పుస్తకానికి కావలసిన సరంజామా అంతా అందులో ఉంది. అయితే తెలుగువారు దానిలో అడుగుపెట్టగానే ఒక గోతిలో పడతారు, నేనూ పడ్డాను. అది తెలుగును కాంప్లెక్స్ లిపుల వర్గంలో చేర్చి, ఇంగ్లీషుకు ఒక ఫాంటునూ సైజునూ, తెలుగుకు మరొక ఫాంటునూ సైజునూ విడివిడిగా ఉంచుతుంది. శైలిలో సైజు 12 నుంచి 14కు మార్చాను. తెరమీద తెలుగు కదలలేదు. మళ్లీ మార్చాను, మళ్లీ కదలలేదు. నేను మారుస్తున్నది ఇంగ్లీషు సైజు అని తెలుసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆప్షన్స్‌లోని భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్న గడికి టిక్కు పెట్టి, భాషగా తెలుగును ఎంచుకుని, పేరా శైలిలోని ఫాంటు పుటలో కాంప్లెక్స్ లిపులకు కేటాయించిన చోట తెలుగు ఫాంటునూ సైజునూ పెట్టాలి. ఇది ఒక్కటి తెలిస్తే మిగిలిన దారి సుగమం.

ఎఫ్ 11 నొక్కితే తెరుచుకునే శైలుల పట్టికే ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం. అధ్యాయం పేరు, ఉపశీర్షిక, మామూలు పేరా, ఉటంకింపు, అడుగు సూచిక అని ప్రతిదానికీ ఒక శైలి పెట్టుకుని, అక్షరాలను చేత్తో ముట్టుకోకుండా శైలి ద్వారానే మారుస్తూ ఉంటే, 176 పేజీల పుస్తకంలో శీర్షికలన్నిటినీ ఒక పాయింటు తగ్గించడం అర నిమిషం పని. విషయసూచిక ఆ శైలులను చూసి తనంతట తాను తయారవుతుంది. పేజీలకు కూడా శైలులున్నాయి. కుడి ఎడమ పేజీలకు అంచులు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడేటట్లు పెట్టుకుని, బైండింగు వైపు కొంచెం ఎక్కువ వదలవచ్చు. ముందుమాటకు ఒక పేజీ శైలి, అసలు పుస్తకానికి ఇంకొకటి పెట్టుకుంటే, ముందుమాట పేజీలకు అంకెలు వేయకుండా మొదటి అధ్యాయం నుంచి 1 అని మొదలుపెట్టవచ్చు. ఈ పని తెలియక చాలామంది ముందుమాటకు ఒక ఫైలు, పుస్తకానికి ఒక ఫైలు పెట్టుకుని ఇబ్బంది పడడం చూశాను.

పంక్తుల మధ్య దూరం తెలుగులో ప్రత్యేకంగా చూసుకోవలసిన విషయం. పైన గుడులు, కింద వత్తులు, వత్తుల కింద మళ్లీ వత్తులు వచ్చే లిపి మనది. ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయే దూరం పెడితే, పై పంక్తిలోని ‘రాష్ట్రం’ కింది పంక్తిలోని ‘కీర్తి’ నెత్తిన కూర్చుంటుంది. నిష్పత్తి ప్రకారం దూరం పెడితే, మధ్యలో ఒక ఇంగ్లీషు పదమో మరో ఫాంటులోని అక్షరమో వచ్చినచోట ఆ ఒక్క పంక్తి ఎడం పెరిగి పేజీ అందం చెడుతుంది. అందువల్ల ‘ఫిక్స్‌డ్’ అన్న పద్ధతి ఎంచుకుని, 12 పాయింట్ల అక్షరానికి 19 పాయింట్ల దూరం ఖరారు చేశాను. దాంతో ఎదురెదురు పేజీల్లోని పంక్తులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడ్డాయి. చేతిలో పుస్తకం తెరిచి పట్టుకున్నప్పుడు ఆ పొందిక కంటికి హాయినిస్తుంది. అది ఎందువల్లనో చాలామంది పాఠకులకు తెలియకపోవచ్చు.

పంక్తి చివర పదాలు విరగడమన్నది ఇంతకంటే కష్టమైన సమస్య. డెమీ పేజీలో పంక్తి వెడల్పు నాలుగు అంగుళాలు దాటదు. మన భాషలో ‘కొట్టుకుపోతున్నప్పటికీ’ వంటి పదాలు ప్రతి పేరాలోనూ ఉంటాయి. రెండు అంచులూ సమంగా ఉండాలని అడిగితే, అంత పెద్ద పదం పట్టక కిందికి దిగిపోయి, పై పంక్తిలో మిగిలిన నాలుగు పదాల మధ్య నదీపాయల వంటి ఖాళీలు ఏర్పడతాయి. పాత పుస్తకాల్లో కంపోజిటర్లు దీనికి చక్కని పరిష్కారం చూపారు. పదాన్ని అక్షరం దగ్గర విరిచి, గీత కూడా పెట్టకుండా కింది పంక్తిలోకి దించేవారు; చదివేవారికి అది అలవాటు. లిబ్రెఆఫీస్ తెలుగు నిఘంటువు పొట్లంలో పదాలను విరిచే సూత్రాలు ఉన్నాయి. తెలుగుతో పాటు అనేక భారతీయ భాషలకు ఈ సూత్రాలను సంతోష్ తొట్టింగల్ రూపొందించారు. అవి అక్షరం మధ్యలో విరవవు. వత్తును దాని హల్లు నుంచి విడదీయవు. అయితే విరిచినచోట గీత వస్తుంది, అది తెలుగు పేజీలో కాస్త పరాయిగా కనిపిస్తుంది. పంక్తి మొదట మిగిలే అక్షరాల కనీస సంఖ్యను నేను నాలుగుకు పెంచాను. అప్పటి నుంచి ‘డు’, ‘ను’ వంటి ఒంటరి అక్షరాలు పంక్తి మొదట మిగలడం చాలావరకు తగ్గింది. గీత లేకుండా విరవాలనుకున్నచోట, సున్నా వెడల్పు ఖాళీ అన్న కనిపించని గుర్తును నేనే చేత్తో చొప్పించాను. ఈ పని మాత్రం అన్ని దిద్దుబాట్లూ పూర్తయిన తరువాతే చేయాలి.

స్పెల్‌చెక్ గురించి ఎక్కువ చెప్పలేను. తెలుగులో సంధులూ విభక్తులూ కలిసి ఏర్పడే రూపాలు లెక్కకు మించినవి గనుక, సరైన పదాల కింద కూడా ఎర్రగీతలు వస్తూనే ఉంటాయి. తుపాను పుస్తకంలో మా పెద్దలు మాట్లాడిన ‘ఆయ్’, ‘అండి బాబూ’, ‘ఏటిగట్టు’, ‘దొడ్డిగుమ్మం’ వంటివన్నీ ఉన్నది ఉన్నట్లు వేశాం కాబట్టి పేజీలన్నీ ఎర్రబారాయి. దాన్ని ఆపేసి, కాగితం మీద ప్రింటు తీసి, ఎర్ర కలంతో ఇద్దరు విడివిడిగా దిద్దారు. ఇప్పటికీ అంతకు మించిన పద్ధతి నాకు కనిపించలేదు.

ఫాంట్ల విషయంలో పదిహేనేళ్ల కిందటికీ ఇప్పటికీ పోలికే లేదు. అప్పట్లో యూనికోడ్ తెలుగు అంటే డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి అందరికీ ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లే చాలామందికి దిక్కు. తరువాత సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లు, గూగుల్ వారి నోటో సెరిఫ్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు వచ్చాయి. ఇవి స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్నవి కాబట్టి, అమ్మకానికి పెట్టే పుస్తకంలో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తుపాను పుస్తకానికి మండలి వాడాను. అక్షరాలు గుండ్రంగా, తేటగా ఉంటాయి. అరవై దాటినవారు కూడా 12 పాయింట్లలో హాయిగా చదివారు. కాని మండలికి బొద్దు రూపం లేదు. బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే దళసరిగా పులిమి చూపిస్తుంది. థ, ఠ లోపలి చుక్కలు పూడుకుపోతాయి. అందుకని శీర్షికలకు రామభద్ర పెట్టాను, వచనంలో బొద్దు అక్షరాలే వద్దనుకున్నాను. బొద్దు తప్పనిసరి అయితే సన్ననివి నుంచి బాగా లావువి వరకు అన్ని మందాలూ ఉన్న నోటో సెరిఫ్ తెలుగు మంచిది. ఏ ఫాంటునైనా ఎంచుకునే ముందు నేను ఒక పంక్తి టైపు చేసి చూస్తాను: స్వాతంత్ర్యం, లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న, కార్త్స్న్యం, సాఫ్ట్‌వేర్, వాఁడు, ఱంపము. ఈ ఎనిమిదీ సరిగ్గా వస్తే ఆ ఫాంటు పుస్తకానికి పనికివస్తుంది. పాత గ్రంథాలు మళ్లీ వేసేవారు నకారపొల్లును, అంటే ‘న్’కు పాత పుస్తకాల్లో వాడిన ప్రత్యేక రూపాన్ని, కూడా పరీక్షించుకోవాలి. దానికి యూనికోడ్‌లో విడిగా స్థానం దొరికింది 2021లో కాబట్టి, అంతకు ముందే తయారై తరువాత సవరణకు నోచుకోని ఫాంట్లలో అది ఉండదు.

స్క్రైబస్ పేజీలు కట్టడానికే పుట్టిన సాఫ్ట్‌వేర్. చాలా ఏళ్లపాటు తెలుగువారికి అది ఉన్నా లేనట్టే ఉండేది. 1.4 వరుసలోని రూపాల్లో తెలుగు పెడితే వత్తులు పక్కకు జరిగి, గుడులు విడిపోయి కనిపించేవి. అరబ్బీ వంటి లిపుల కోసం ఒమన్ దేశపు ప్రోగ్రామర్లు చేసిన కృషితో 1.5 వరుసలో హార్ఫ్‌బజ్ అనే అక్షర సంధాన యంత్రం దానిలో చేరింది. ఆ మేలు మనకూ అందింది. 2024 జనవరి 1న విడుదలైన 1.6తో అది స్థిరమైన రూపంలో అందరి చేతికీ వచ్చింది. పాత సమీక్షలు చదివి స్క్రైబస్‌లో తెలుగు రాదని ఇంకా నమ్ముతున్నవారు 1.6 పెట్టుకుని చూడాలని నా విన్నపం.

ముఖచిత్రానికి దీనికి సాటి మరొకటి నాకు దొరకలేదు. తుపాను పుస్తకానికి 88 ఆకులు. ప్రెస్సువారు అదే కాగితంతో ఖాళీ నమూనా కట్టి ఇస్తే, వెన్ను వెడల్పు 9 మిల్లీమీటర్లు వచ్చింది. ముందు అట్ట 140, వెనుక అట్ట 140, వెన్ను 9, కత్తిరింపు కోసం రెండు పక్కలా మూడేసి చొప్పున 6, మొత్తం 295 మిల్లీమీటర్ల వెడల్పుతో ఒకే పేజీ తీసుకుని, గైడు గీతలు పెట్టుకుని అట్టను కూర్చాను. స్క్రైబస్ రంగులను అచ్చు ప్రపంచం వాడే నాలుగు సిరాల పద్ధతిలో, అంటే సీఎంవైకేలో, నేరుగా పలుకుతుంది. పీడీఎఫ్‌ను ప్రెస్సులు అడిగే ఎక్స్ 1ఎ, ఎక్స్ 3 ప్రమాణాల్లో ఇస్తుంది. ఇవ్వబోయే ముందు బొమ్మల నాణ్యత తక్కువైనా, అక్షరాలు చట్రం దాటి మిగిలిపోయినా ఎత్తి చూపుతుంది. వెనుక అట్ట మీద పెట్టిన, విరిగిన కొబ్బరితోట ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. ముందు దాన్నే పెట్టాను. ఆ హెచ్చరిక చూసి, పంపినవారి ఇంటికి వెళ్లి అసలు కాగితపు ఫొటో తెచ్చుకుని స్కాన్ చేసుకున్నాను. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రుసుము లేకుండానే ఇస్తుంది. ఆ సంఖ్య ఇస్తే స్క్రైబస్ బార్‌కోడ్ గీసిపెడుతుంది, ఇంక్‌స్కేప్ కూడా గీస్తుంది. ఎవరికో డబ్బిచ్చి బార్‌కోడ్ చేయించుకోవలసిన పనిలేదు.

పిల్లల కథల పుస్తకం పూర్తిగా స్క్రైబస్‌లోనే కట్టాను. పిల్లలు వేసిన బొమ్మలను గింప్‌లో శుభ్రంచేసి, ప్రతి పేజీలో బొమ్మకు ఒక చట్రం, కథకు ఒక చట్రం పెట్టాను. 32 పేజీలు, సెంటర్ పిన్ కుట్టు. ఆ పని హాయిగా సాగింది. అదే ఉత్సాహంతో తుపాను పుస్తకాన్ని కూడా అందులోకి ఎక్కించి చూశాను. ఇక్కడే దాని బలహీనత బయటపడింది. లిబ్రెఆఫీస్ ఫైలును తెచ్చుకుంటుంది గాని, శైలులు కొన్ని పోయాయి. వందకు పైగా చట్రాలు గొలుసుగా కలిపి ఉన్నప్పుడు, మొదటి అధ్యాయంలో ఒక పదం మార్చితే చివరి పేజీ వరకు మళ్లీ సర్దుకోవడానికి నా పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లో చాలా సమయం పట్టేది. రెండు రోజుల తరువాత ఆ ప్రయత్నం మానుకుని లిబ్రెఆఫీస్‌కే తిరిగివచ్చాను.

ప్రెస్సు దగ్గర జరిగినది వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసిన తెలుగు పుస్తకాలు ఎక్కువగా అక్కడే దెబ్బతింటాయి. మొదటిసారి ఒక పట్టణంలోని ప్రెస్సుకు పీడీఎఫ్ ఇచ్చాను. వారు దాన్ని నేరుగా అచ్చుకు పంపకుండా, పేజీలు అమర్చడానికి తమకు అలవాటైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచారు. తెరవగానే ‘ట్ర’ లోని రావత్తు ఎగిరి పక్క పదం మీద వాలింది. ఏత్వాలు హల్లును వదిలి నిలబడ్డాయి. ‘మీ ఫైలులోనే తప్పుంది, మా ఫాంటులో మళ్లీ టైపు చేయించండి’ అన్నారు. తప్పు ఫైలులో లేదు. అక్షరాలను మార్చడానికి వీలుగా పీడీఎఫ్‌ను విప్పితే, వత్తుల అమరిక తెలియని సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలను తిరిగి కూర్చలేదు. దీనికి మందు ఉంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్‌లోని అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి ఇస్తే, అవి ఇక అక్షరాలు కావు, బొమ్మలు. ఎక్కడ తెరిచినా చెదరవు. స్క్రైబస్‌లో అయితే పీడీఎఫ్ తీసేటప్పుడే ఫాంట్లను గీతలుగా మార్చమని చెప్పవచ్చు. రెండవసారి నుంచి అలాగే ఇస్తున్నాను, మళ్లీ ఆ మాట రాలేదు.

లిబ్రెఆఫీస్‌కు ఉన్న పెద్ద లోపం కూడా ప్రెస్సులోనే బయటపడుతుంది. దాని పీడీఎఫ్ తెర రంగుల పద్ధతిలో ఉంటుంది, సీఎంవైకేలో ఉండదు. లోపలి పేజీలు ఒకే నల్ల సిరాతో వేసేవైతే, అదే ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చి ఇస్తే సరిపోతుంది. మార్చకుండా ఇస్తే, నల్ల అక్షరం నాలుగు సిరాల మిశ్రమంగా మారి, ప్లేట్లు ఒక వెంట్రుకవాసి జరిగినా అక్షరాల అంచులు రంగురంగులుగా కనిపించే ప్రమాదముంది. లోపల రంగు ఫొటోలు వేయాలనుకునేవారికి లిబ్రెఆఫీస్ తగదు. వారు స్క్రైబస్ కష్టాలు పడక తప్పదు.

ఇంకొక హెచ్చరిక. అచ్చుకు ఇచ్చిన పీడీఎఫ్‌ను మాత్రమే దాచుకోకండి. యూనికోడ్‌లో చేసినదైనా సరే, తెలుగు పీడీఎఫ్ నుంచి పాఠాన్ని తిరిగి తీయబోతే అక్షరాల క్రమం తారుమారవుతుంది. గీతలుగా మార్చినదైతే తీయడానికి పాఠమే ఉండదు. లిబ్రెఆఫీస్ ఓడీటీ ఫైలు అసలు ప్రతి. దాన్ని రెండుచోట్ల దాచాలి. మా వద్ద ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి దగ్గర ఉన్నాయి; తుపానుల నేల మీద ఉండేవారికి ఈ జాగ్రత్త గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అదే ఫైలు నుంచి ఫోన్లలో చదువుకునే ఈపబ్ కూడా తీయవచ్చు. తీశాను, బాగానే వచ్చింది.

నాన్నగారి పద్యాలకు జీలాటెక్ ఎందుకు ఎంచుకున్నానంటే, పద్యం పేజీ మీద కూర్చునే తీరు వేరు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. డెమీ వెడల్పులో 13 పాయింట్ల అక్షరాలతో ఆ పాదం ఒక పంక్తిలో పట్టదు. మిగిలిన నాలుగైదు అక్షరాలు కింది పంక్తిలో కుడివైపుకు జరిగి కూర్చోవాలి, తరువాతి పాదం మళ్లీ ఎడమ అంచున మొదలు కావాలి. పద్యం రెండు పేజీల మధ్య విరగకూడదు. దీన్ని రైటర్‌లో చేత్తో చేస్తే ప్రతి పద్యానికీ ఐదు నిమిషాలు. జీలాటెక్‌లో ఆ నియమాన్ని ఒక్కసారి రాసిపెట్టుకుంటే, రెండు వందల పైచిలుకు పద్యాలూ దానికి లోబడి నడుచుకుంటాయి. డోనల్డ్ నూత్ 1978లో తన కంప్యూటర్ శాస్త్ర గ్రంథాల కోసం తయారుచేసిన టెక్ దీనికి మూలం. యూనికోడ్‌నూ ఇప్పటి ఫాంట్లనూ దానికి కలిపినది 2004లో జొనాథన్ క్యూ రూపొందించిన జీటెక్; జీలాటెక్ దాని మీదే నడుస్తుంది. పద విభజనలో గీతను మాయం చేయడం కూడా ఇందులో సాధ్యం. అచ్చయి వచ్చిన పుటలు చూసినప్పుడు, పాత లెటర్‌ప్రెస్ పుస్తకం చేతిలో ఉన్నట్టనిపించి నాకు కళ్లు చెమర్చాయి.

కాని దాని దారి రాళ్ల దారి. తెరమీద పుట కనిపించదు. ఆజ్ఞలు రాసి, నడిపించి, తరువాత చూడాలి. ఒక బ్రాకెట్ మరచిపోతే ఇంగ్లీషులో అర్థంకాని సందేశాలు పేజీల కొద్దీ వస్తాయి. తెలుగులో చెప్పే పాఠాలు బహు తక్కువ. ఇంట్లో గాని, ఊళ్లో గాని కంప్యూటర్ చదువుకున్న పిల్లలు ఒకరు తోడుంటే తప్ప దీనిలోకి దిగవద్దని చెబుతాను. మా అన్నయ్య మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. ‘తాతయ్యా, ఈ ఒక్క గీత వెనక్కి తిప్పి పెట్టావు’ అని ఫోన్లో చూసి చెప్పిన రోజులున్నాయి.

తుపాను పుస్తకం ఆవిష్కరణ అయిన నెలకు, సముద్రం పక్క ఊరి నుంచి ఒక పెద్దావిడ మనవడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పుస్తకం చివర మేము వేసిన మృతుల పట్టికలో ఆమె భర్త పేరు ‘సత్తిరాజు’ అని ఉండవలసినది ‘సత్యరాజు’ అని పడింది. ‘ఆయన్నెప్పుడూ ఎవరూ అలా పిలవలేదు బాబూ’ అన్నారు. ఆవిడ కూర్చుని ఉండగానే ఫైలు తెరిచి ఆ పేరు దిద్దాను. పట్టికలోనే కాక, 61వ పేజీలో ఆయన పడవ కట్టిన తాడు సంగతి వచ్చినచోట కూడా అదే తప్పు ఉన్నదని వెతుకుడు గడి చూపిస్తే అదీ దిద్దాను. ఆ రాత్రే కొత్త పీడీఎఫ్ ప్రెస్సుకు వెళ్లింది. యాభై ప్రతులు డిజిటల్ ముద్రణలో వేయించి, మొదటి ప్రతిని ఆవిడకు ఇచ్చి వచ్చాను.